హైస్కూల్లో వ్యాసం రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంపోజిషన్ క్లాసు చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఏటా పిల్లలు మారతారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకని అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎక్కువమంది ముందు ఏది అడుగుతారో అదే ఇక్కడా ముందుంది. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

కాగితం ముందు కూర్చుంటే ఏం రాయాలో తోచట్లేదు. ఏం చెయ్యాలి?

అందరికీ అంతే, నాకూ అంతే. చాలామంది ఇరుక్కునేది మొదటి వాక్యం దగ్గర. మంచి వాక్యం తడితే గానీ మొదలుపెట్టకూడదనుకుంటారు, అదేమో తట్టదు, ఈలోపు పీరియడ్ అయిపోతుంది. మొదటి వాక్యం సంగతి వదిలేయండి. పది నిమిషాలు టైమర్ పెట్టుకుని పెన్ను ఎత్తకుండా రాసుకుంటూ పోండి. వాక్యం బాగోకపోయినా, స్పెల్లింగ్ తప్పని తెలుస్తున్నా ఆగకూడదు, కొట్టేయకూడదు. మరీ ఏమీ తోచకపోతే "ఏమీ తోచట్లేదు" అనే రాయండి.

ఒకసారి "క్రమశిక్షణ" అని టాపిక్ ఇచ్చాను. ఒకమ్మాయి వరసగా మూడు లైన్లు "నాకేం తోచట్లేదు" అని రాసింది. నాలుగో లైనుకి విసుగొచ్చినట్టుంది, "క్రమశిక్షణ అంటే లైన్లో నిలబడటమేనా, లైన్లో బుద్ధిగా నిలబడే ముందువాడి జేబులో కాగితం ముక్కలు వేసేవాణ్ణి ఏమంటారు?" అని రాసింది. ఇక టైమర్ మోగేదాకా ఆ పిల్ల తలెత్తలేదు. ఆ పది నిమిషాల్లో రాసినదాంట్లో చాలా భాగం పారేశాం, పారేయాల్సిందే కూడా, కానీ ఆ ఒక్క ప్రశ్న నుంచి మంచి వ్యాసం వచ్చింది.

టాపిక్ ఇచ్చేశారు కదా, మళ్లీ "నీ పాయింట్ ఏంటి?" అని ఎందుకు అడుగుతారు?

టాపిక్ వేరు, పాయింట్ వేరు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

"ఆటల ప్రాముఖ్యం" అనేది టాపిక్. ఆ టాపిక్ మీద మీరు అనే ఒక మాట, వినగానే ఎవరో ఒకరు "అబ్బే, నేనొప్పుకోను" అనగలిగే మాట, పాయింట్. క్లాసులో దాన్ని థీసిస్ అంటాం. "ఆటలు మంచివి" అంటే కాదనేవాళ్లెవరు? ఎవరూ కాదనని సంగతి కోసం రెండు పేజీలు ఖర్చు చేయడం దేనికి? అదే "పరీక్షల ముందు ఆటల పీరియడ్ తీసేస్తే మిగిలేది చదువుకునే గంట కాదు, కునికిపాట్లు పడే గంట" అని రాశారనుకోండి, హెడ్మాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని "ఎవరన్నారు?" అంటారు. అలా అన్నారంటే మీ దగ్గర థీసిస్ ఉన్నట్టే.

ఆవు వ్యాసం కథ మీకు తెలిసే ఉంటుంది. ఆవు గురించి బట్టీ పట్టిన కుర్రాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు వస్తుంది. వాడు "కొబ్బరిచెట్టుకు ఆవును కడతారు" అని ఒక లైను రాసి, అక్కణ్ణుంచి ఆవుకు నాలుగు కాళ్లు అంటూ మొత్తం దించేస్తాడు. నవ్వుతాం గానీ, పాయింట్ లేకుండా తెలిసినదంతా దింపేసే ప్రతి వ్యాసమూ ఆవు వ్యాసమే. ఆ కుర్రాడే నయం, వాడికి కనీసం ఆవు గురించి గట్టిగా తెలుసు.

మీ దగ్గర పాయింట్ ఉందో లేదో చూసుకోవాలంటే, అనుకున్న వాక్యం రాసి పక్కన "ఎందుకంటే" అని పెట్టండి. తర్వాత చేయి కదిలితే ఉన్నట్టు. "ఎందుకంటే అది చాలా ముఖ్యం కాబట్టి" అని వచ్చిందంటే ఇంకా దొరకనట్టు, మళ్లీ ఆ పది నిమిషాల టైమర్ దగ్గరికి వెళ్లండి. రాస్తూ రాస్తూ మధ్యలో మీ అభిప్రాయం మారిపోవచ్చు. కంగారు పడొద్దు, అది మంచి లక్షణమే, కాకపోతే వెనక్కి వెళ్లి మొదటి పేరా కూడా మార్చాలి. చాలామంది అది మర్చిపోతారు. మొదటి పేరా ఒకటి అంటుంది, చివరి పేరా ఇంకోటి అంటుంది, మార్కులు వేసేవాళ్లు మధ్యలో నలిగిపోతారు.

ఐదు పేరాల పద్ధతి తప్పనిసరా?

తప్పనిసరేం కాదు, అలాగని మొదటి ఏడాదే వదిలేయమని కూడా చెప్పను. పరిచయానికి ఒక పేరా, మూడు కారణాలకు మూడు, ముగింపుకి ఒకటి. ఇది ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకునే బెండు లాంటిది, మునగకుండా కాపాడుతుంది. కొందరు జీవితాంతం బెండుతోనే ఈదుతామంటారు, అక్కడొస్తుంది గొడవ. ఉన్నవి రెండే కారణాలైనా మూడోదాన్ని ఎక్కణ్ణుంచో లాక్కొచ్చి అతికిస్తారు. ఆ నాలుగో పేరా చూడగానే తెలిసిపోతుంది, అతుకు అని.

అసలు ఈ రకం రాత మొదలైనప్పుడు దీనికి కొలతలేం లేవు. 1580లో మాంటేన్ అనే ఫ్రెంచాయన తన పుస్తకానికి "ఎస్సే" అన్న మాటనే పేరుగా పెట్టాడు. ఫ్రెంచిలో ఆ మాటకు ప్రయత్నం అని అర్థం. ఒక విషయం మీద తను ఏమనుకుంటున్నాడో రాస్తూ రాస్తూ తేల్చుకునే ప్రయత్నం అన్నమాట. ఆయన వ్యాసాల్లో రెండు పేజీలకే అయిపోయేవి ఉన్నాయి, విడిగా పుస్తకం వేయదగ్గంత పొడుగున్నదీ ఉంది. 1597లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ వేసినవి మాత్రం చాలా పొట్టివి, సూత్రాల్లా ఉంటాయి. ఇద్దరిలో ఎవరూ పేరాలు లెక్కపెట్టుకుని రాయలేదు. అయితే మీ టీచరు ఇచ్చిన రబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, ఐదు అని ఉంటే ఐదే రాయండి, మాంటేన్ వచ్చి మార్కులు వేయడు.

పేరా ఎలా కట్టాలి? నావి ఎప్పుడూ చప్పగా ఉన్నాయంటారు.

చెబితే అర్థం కాదు, చూడాల్సిందే. ఇది ఒక అబ్బాయి మొదటి డ్రాఫ్ట్ (అతను ఒప్పుకున్నాకే పెడుతున్నాను, పేరు చెప్పొద్దన్నాడు):

"ఆటలు మనిషికి చాలా ముఖ్యం. ఆటల వల్ల ఆరోగ్యం బాగుంటుంది. ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. ఆటల వల్ల స్నేహం పెరుగుతుంది. నేటి ఆధునిక యుగంలో విద్యార్థులు ఆటలకు దూరమవుతున్నారు. కావున అందరూ ఆటలు ఆడవలెను."

ఇది మూడో డ్రాఫ్ట్:

"పరీక్షలకు నెల ముందు మాకు ఆటల పీరియడ్ ఆపేసి ఆ గంట కూడా క్లాసులోనే కూర్చోబెట్టారు. మొదటి రెండు రోజులు చదివాం. మూడో రోజు నుంచి వెనక బెంచీల వాళ్లు పుస్తకం నిలబెట్టి దాని చాటున నిద్రపోయారు. నేను ఒకే పేజీని నలభై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. పొద్దుట్నుంచి ఆరు పీరియడ్లు విన్న బుర్రకు ఇంకో గంట పుస్తకం ఇస్తే అది చదవదు, చదువుతున్నట్టు నటిస్తుంది. అంతకుముందు ఆడి వచ్చిన రోజుల్లో, సాయంత్రం ఇంట్లో కూర్చుంటే అలాంటి పేజీ పావుగంటలో అయిపోయేది."

మొదటి దాంట్లో ఆరు వాక్యాలున్నాయి, ఆరింటివీ ఆరు దార్లు. మూడో వాక్యాన్ని ఐదో చోట పెట్టినా, ఐదో దాన్ని మొదట పెట్టినా తేడా తెలియదు. మీ పేరాకు ఈ పరీక్ష మీరే పెట్టుకోవచ్చు: వాక్యాలు తారుమారు చేసి చూడండి, నష్టమేం లేదనిపిస్తే అది పేరా కాదు, ఒక కుప్ప. రెండో దాంట్లో ఏ వాక్యాన్నీ కదపలేం, ఒక్కోటి ముందుదాని భుజం పట్టుకుని నడుస్తోంది. అసలు మాట "నటిస్తుంది" దగ్గర ఉంది, మిగతావన్నీ దానికి సాక్ష్యాలు. ఆ పుస్తకం చాటు నిద్ర చూడండి, అది అతను కళ్లారా చూసింది, ఏ గైడులోనూ దొరకదు.

అయినా నేను మార్జిన్లో "ఇది నీ సంగతి, మిగతావాళ్లో?" అని రాశాను. ఒక్కడి అనుభవం ఒక్కడిదే కదా. అతను వెళ్లి తన వరసలో ఆరుగురిని అడిగాడు. ఇద్దరు ఆ గంట తమకు బాగా పనికొచ్చిందన్నారట. దాన్ని దాచిపెట్టకుండా తర్వాతి పేరాలో అదీ రాశాడు. నాకు ఆ వ్యాసంలో అన్నిటికంటే నచ్చింది అదే.

మనకు వ్యతిరేకంగా ఉన్నదాన్ని మనమే రాయడమేంటి? వ్యాసం బలహీనపడదా?

పడదు. మన శాస్త్ర చర్చల్లో పాత పద్ధతే ఇది, ముందు పూర్వపక్షం చెప్పి, అంటే ఎదుటివాళ్ల వాదం మనమే చెప్పి, ఆ తర్వాత దానికి జవాబుగా సిద్ధాంతం నిలబెడతారు. చదివేవాళ్ల మనసులో ఆ అభ్యంతరం ఎలాగూ ఉంటుంది. మీరు ఎత్తకపోతే మీకు తెలియదనో, తెలిసీ తప్పించుకున్నారనో అనుకుంటారు.

షరతు ఒక్కటే, ఎదుటి వాదాన్ని దాని మంచి బట్టల్లో నిలబెట్టాలి. "కొందరు ఆటలు దండగ అంటారు, వాళ్లు మూర్ఖులు" అని రాయడమంటే దిష్టిబొమ్మను కట్టి దాన్నే కొట్టడం. "సిలబస్ అవ్వలేదు, పరీక్ష తేదీ మన చేతిలో లేదు, ఆ గంట ఇంకెక్కణ్ణుంచి తేవాలి?" అని టీచర్ నిజంగా అడిగే ప్రశ్న రాసి, దానికి జవాబు చెప్పండి. చెప్పలేకపోతే మీ థీసిస్‌ను కాస్త తగ్గించుకోండి, "పూర్తిగా తీసేయొద్దు, వారానికి రెండైనా ఉంచండి" అన్నా అది థీసిసే.

పరిచయం ఎలా మొదలుపెట్టాలి?

చివర్లో రాయండి. ఇంట్లో మనుషులెవరో తెలియకుండా పరిచయం ఎవరిని చేస్తారు? ఇక "నేటి ఆధునిక యుగంలో", "మానవుడు పుట్టినప్పటి నుంచి", "నిఘంటువు ప్రకారం", ఈ మూడింటినీ మా క్లాసులో నిషేధించాం. ఏ టాపిక్ ముందు పెట్టినా అతుక్కునే వాక్యం మీ టాపిక్‌ది కాదు.

ముగింపులో ఏం రాయాలి? చెప్పిందే మళ్లీ చెప్పమన్నారు.

వ్యాసం పదిహేను పేజీలుంటే గుర్తుచేయడంలో అర్థముంది. రెండు పేజీల క్రితం చెప్పింది ఎవరూ మర్చిపోరు. మీ మాట నిజమైతే ఇప్పుడేం చేయాలి, ఎవరు చేయాలి, లేదా ఏది ఇంకా తేలలేదు, వీటిలో ఏదో ఒకటి రాయండి. "కావున మనమందరం" అని మొదలైతే మాత్రం పెన్ను కింద పెట్టేయండి.

కొటేషన్లు ఎన్ని పెడితే మార్కులు?

లెక్కేం లేదు. పెట్టిన ప్రతిదానికీ ముందు అది ఎవరిదో, ఎందుకు తెచ్చారో ఒక ముక్క, వెనక దాన్నుంచి మీకేం తేలిందో ఒకటి రెండు వాక్యాలు ఉండాలి. కొటేషన్‌ను నడివీధిలో వదిలేసి వెళ్లిపోకూడదు. ఇంకోటి, నెట్‌లో బొమ్మ మీద పెద్దాయన పేరుతో తిరిగే మాటల్లో ఆయన ఎప్పుడూ అననివి బోలెడు. ఏ పుస్తకంలోనో, ఏ ప్రసంగంలోనో దొరక్కపోతే వాడకండి.

"నేను" అని రాయొచ్చా?

మీకు జరిగింది చెప్పేటప్పుడు రాయాలి. "నా అభిప్రాయం ప్రకారం నేను అనుకునేది ఏమిటంటే" అని రాయక్కర్లేదు, వ్యాసం మీద మీ పేరుంది.

వాడుక భాషలో రాస్తే తప్పా?

వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యమం నడిపి వందేళ్లు దాటింది, ఇంకా పిల్లలు భయపడుతూనే ఉన్నారు. మీరు మామూలుగా మాట్లాడే తెలుగుని కాస్త తల దువ్వి కూర్చోబెడితే చాలు. తప్పెక్కడంటే కలగాపులగం చేయడంలో. పైన మొదటి డ్రాఫ్ట్ చూడండి, "దూరమవుతున్నారు" అని రాసినవాడే వెంటనే "ఆడవలెను" అన్నాడు. గొప్పగా వినిపించాలని చివర్లో పట్టుపంచె కట్టుకున్నట్టు. ఒకటే భాషలో ఉండండి. పెద్ద మాట వాడాలనిపిస్తే, అమ్మతో మాట్లాడుతూ ఆ మాట ఎప్పుడైనా అన్నారేమో ఆలోచించండి.

ఎన్ని డ్రాఫ్టులు రాయాలి? తప్పులు దిద్దేశాను కదా, ఇంకేం మిగిలింది?

కనీసం రెండు, కుదిరితే మూడు. దిద్దడం వేరు, తిరగరాయడం వేరు. ఈ మాట నాకు తెలియడానికే ఒక ఏడాది పట్టింది. కొత్తలో నేను ఎర్రపెన్నుతో ప్రతి ఒత్తూ, ప్రతి దీర్ఘమూ దిద్ది ఇచ్చేవాణ్ణి. ఒకబ్బాయి వాటన్నిటినీ శ్రద్ధగా సరిచేసి, అందంగా తిరగరాసి తెచ్చాడు. ఒక్క అక్షరదోషం లేదు, వ్యాసం మాత్రం మొదటిసారి ఎంత పేలవంగా ఉందో అంతే పేలవంగా ఉంది. తప్పు వాడిది కాదు, నేను వాడికి చూపించింది ఆ తప్పులే.

తిరగరాయడమంటే ముందు పెద్దవాటి సంగతి చూడటం. నేను చేయించేది ఇది: రాసిన దాన్ని ఒక రాత్రి పక్కన పెట్టండి. మర్నాడు ప్రతి పేరా పక్కన మార్జిన్లో, ఆ పేరా ఏం చెబుతోందో నాలుగైదు మాటల్లో రాయండి. రెండు పేరాల పక్కన ఒకే మాట వస్తే కలిపేయండి. ఏం రాయాలో తెలియకపోతే ఆ పేరాకు పని లేదన్నమాట, ఎంత కష్టపడి రాసినా సరే కొట్టేయండి (కడుపులో దేవినట్టుంటుంది, నాకూ ఉంటుంది). ఇప్పుడు మార్జిన్‌లో మాటలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకొచ్చిందో తెలియాలి. తెలియకపోతే పేరాల వరస మార్చండి.

ఇదంతా అయ్యాక గట్టిగా పైకి చదవండి, గొణగడం కాదు. ఊపిరి అందక ఆగిన చోట వాక్యం విరవండి, నాలుక తడబడిన చోట మాట మార్చండి. ఒత్తులూ దీర్ఘాలూ అన్నిటికంటే చివర. పారేయబోయే పేరాలో స్పెల్లింగ్ దిద్ది ఏం లాభం?

టీచర్ "ఇంకా వివరించు" అని రాశారు. ఇంకేం వివరించను?

మా భాష మాది, ఒప్పుకుంటాను. "ఇంకా వివరించు" అంటే ఎక్కువసార్లు అదే చెప్పమని కాదు, ఒక ఉదాహరణ ఇవ్వమని. "సంబంధం ఏమిటి?" అంటే ఈ వాక్యానికీ థీసిస్‌కీ మధ్య మెట్టు ఒకటి మీ తలలో ఉంది, కాగితం మీద లేదు అని. "స్పష్టత లేదు" అంటే రెండుసార్లు చదివినా అర్థం కాలేదని. అయినా తెలియకపోతే వెళ్లి అడగండి, మార్కుల కోసం వాదించడానికి వచ్చేవాళ్లే గానీ కామెంట్‌కి అర్థం అడగడానికి వచ్చేవాళ్లు తక్కువ, వస్తే మాకు సంతోషం.

పక్కవాళ్ల వ్యాసం చదివి అభిప్రాయం చెప్పమంటారు. "బాగుంది" అంటే సరిపోదా?

సరిపోదు, దానితో వాళ్లు ఏం చేసుకుంటారు? మూడు చెప్పండి: నువ్వు అంటున్నది ఇదీ అని నాకు అర్థమైంది, ఇక్కడ నాకు దారి తప్పింది, ఇక్కడ ఇంకా తెలుసుకోవాలనిపించింది. మొదటిది వినగానే రాసినవాళ్ల మొహం చూడాలి. "నేను అన్నది అది కాదే!" అంటారు చాలాసార్లు. స్పెల్లింగుల జోలికి పోకండి.

పరీక్షలో నలభై నిమిషాలే. డ్రాఫ్టులు ఎక్కడ కుదురుతాయి?

కుదరవు. అందుకే మొదటి ఆరేడు నిమిషాలు వ్యాసం రాయకండి. చుట్టూ అందరూ పెన్నులు పరిగెత్తిస్తుంటే టెన్షన్ వస్తుంది, రానివ్వండి. ప్రశ్నలో క్రియ ఏముందో చూడండి, "వివరించండి", "పోల్చండి", "సమర్థించండి" మూడూ వేర్వేరు పనులు. తర్వాత థీసిస్ ఒక లైను, కారణాలు ఒక్కో లైను, ఏ ఉదాహరణ ఏ కారణం కిందికి వస్తుందో రఫ్ పేజీలో పెట్టుకోండి. ఇరవై ఎనిమిది నిమిషాలు రాయండి. చివరి ఐదు నిమిషాలు చదువుకోవడానికి. టైం సరిపోక ఏదైనా వదలాలంటే మూడో కారణం వదలండి, ముగింపు వాక్యం వదలకండి.

పదాల లెక్క తగ్గింది. ఎలా పెంచాలి?

"ఈ విధంగా", "అని చెప్పవచ్చు", "అనడంలో ఎటువంటి సందేహం లేదు" చల్లి మాత్రం పెంచకండి. ఉదాహరణ లేని పేరా ఒకటి ఉండి తీరుతుంది, దాన్ని వెతకండి.

ఏఐతో రాయించుకుంటే తప్పేంటి?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ముందు మీ స్కూలు నియమం ఏంటో కనుక్కోండి, అది నా అభిప్రాయం కంటే ముఖ్యం. నా అభిప్రాయం అడిగితే, మేం వ్యాసం అడిగేది ప్రపంచంలో వ్యాసాలు తక్కువై కాదు. "నేను అసలు ఏమనుకుంటున్నాను?" అని మీరు తల గోక్కునే ఆ ఇరవై నిమిషాల కోసం అడుగుతున్నాం. రాయించుకుంటే కాగితం వస్తుంది, ఆ ఇరవై నిమిషాలు రావు. పైగా లేని పుస్తకాలను, ఎవరూ అనని మాటలను కూడా ఏఐ ధీమాగా పుట్టించి ఇస్తుంది, పట్టుబడేది మీరు.

నాకు సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవడం మీద నమ్మకం లేదు, సొంతంగా రాసిన పిల్లల మీద కూడా అవి అనుమానం వేస్తాయి. పిలిచి, "రెండో పేరాలో ఈ మాట ఎందుకు రాశావు?" అని అడుగుతాను. రాసినవాళ్లు చెబుతారు, ఒక్కోసారి ఆపినా ఆగరు. ఏఐని వాడుకోవాలనే ఉంటే, నియమం ఒప్పుకుంటే, మీ థీసిస్ ఇచ్చి "దీనికి అభ్యంతరాలు చెప్పు" అనండి. పూర్వపక్షానికి పనికొస్తుంది, జవాబు మాత్రం మీరే రాయండి.

మా అబ్బాయి వ్యాసాన్ని ఇంట్లో నేను దిద్దొచ్చా?

పెన్ను మాత్రం పట్టుకోకండి. పైకి చదవమని చెప్పి వినండి, అర్థం కాని చోట "అంటే ఏంట్రా?" అని అడగండి. వాడు నోటితో చెప్పే జవాబు కాగితం మీద ఉన్నదాని కంటే చాలాసార్లు బాగుంటుంది. అప్పుడు "అదే రాయి" అంటే చాలు.

శీర్షిక ఎప్పుడు పెట్టాలి?

అన్నీ అయ్యాక. టాపిక్‌నే శీర్షికగా పెట్టేయకండి, ముప్పై మంది వ్యాసాల మీద ఒకే పేరు ఉంటే అందరివీ ఒకేలా కనిపిస్తాయి. శీర్షిక కోసం బయట వెతకక్కర్లేదు, వ్యాసంలోనే ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఆ లైను గురించి అడిగిన అమ్మాయి మొదట "క్రమశిక్షణ యొక్క ఆవశ్యకత" అని పెట్టి తెచ్చింది. చివరి డ్రాఫ్ట్‌లో అది కొట్టేసి, పైన "ముందువాడి జేబు" అని రాసింది.